మోజార్ట్‌కి మాటలు రాసిన మేస్టారు

నిన్న రాత్రి అక్క నన్ను న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకి తీసుకెళ్లింది. 'డాన్ జొవాన్నీ' అనే ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, చూశాం. రెండు దాటినా నిద్ర పట్టలేదు.

సంగీతం మోజార్ట్‌ది. నా మనసు మాత్రం సాహిత్యం రాసిన లొరెంజో దా పోంటే దగ్గరే ఆగిపోయింది. 1787లో ప్రాగ్‌లో తొలిసారి ఆడిన ఒపేరా ఇది. తర్వాత ఆయన అప్పులపాలై 1805లో అమెరికా చేరాడు, కిరాణా కొట్టు నడిపాడు, ఇటాలియన్ పాఠాలు చెప్పాడు. 1825లో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో మొట్టమొదటి ఇటాలియన్ ప్రొఫెసర్ అయ్యాడు. ఆ మరుసటి ఏడే ఇదే ఒపేరాని ఇదే ఊళ్లో ఆడించారు. అప్పటికి ఆయనకి 77 ఏళ్లు! ఆ సాయంత్రం ఆయనకెలా అనిపించి ఉంటుందో అనుకుంటుంటే గొంతు పట్టేసింది.

ఒక్క ఘట్టం చెప్పాలి. నౌకరు తన యజమాని డాన్ జొవాన్నీ లొంగదీసుకున్న ఆడవాళ్ల లెక్క చదువుతుంటాడు. ఇటలీలో 640, జర్మనీలో 231, ఫ్రాన్స్‌లో 100, టర్కీలో 91. స్పెయిన్ దగ్గరికొచ్చేసరికి 'మిల్లె ఎ త్రే', 1003. ఎదురుగా నిలబడి వింటున్న ఎల్విరా స్పెయిన్ మనిషే. ఆ 1003లో తనూ ఒకతి. ముందు సీటు వెనకున్న చిన్న తెర మీద అనువాదం వస్తూనే ఉంది, నేను చదవడం మానేసి ఆమె ముఖమే చూస్తూ ఉండిపోయాను. ఒక అంకెతో ఇంత దుఃఖం చెప్పొచ్చా?

పదేళ్లుగా పిల్లలకి ఛందస్సు చెబుతున్నాను. గణాలు బోర్డు మీద విడగొట్టించానే తప్ప, పద్యాన్ని గొంతెత్తి పాడించింది తక్కువ. సెలవయ్యాక మొదటి క్లాసులో బోర్డు జోలికి పోను. ముందు పాడిస్తాను.