పలక మీద తిరగబడిన 'అ'

మొన్న వసంత పంచమికి పాపని బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించాం. ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని వేలు పట్టుకుని పలక మీద రాయిస్తుంటే నా చెయ్యే వణికింది. అప్పటినుంచి ఆఫీసు నుంచి రాగానే ఓ అరగంట మా ఇద్దరికీ పలక టైం.

నిన్న బాగా అలసిపోయి ఉన్నాను. అది 'అ'ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాసింది. నాలుగోసారి కూడా అలాగే. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని అరిచేశాను.

ఏడవలేదు. బలపం కింద పెట్టింది. గౌను అంచుతో పలక మొత్తం మెల్లగా తుడిచి నా చేతికిచ్చి, "నువ్వు రాయి నాన్నా, నేను చూస్తా" అంది. రాశాను. నేను రాసిన గీత మీదే తన చూపుడు వేలు పెట్టి దిద్దుకుంటూ పోయింది, పెదవులు బిగబట్టి.

గుండె కలుక్కుమంది. అయిదారేళ్ల వరకు చాలామంది పిల్లలు అక్షరాలు తిరగేసి రాస్తారు, అది మామూలే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా అరిచాను. దానికింకా నాలుగేళ్లే.

"సారీ బంగారం, అరవకుండా ఉండాల్సింది" అన్నాను. మా నాన్న నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆయనకీ అనాలనిపించే ఉంటుంది, ఇప్పుడనిపిస్తోంది.

"ఎప్పుడు అరిచావ్?" అంది పాప.

రాత్రి నా చెయ్యి మీదే నిద్రపోయింది. వేళ్లకి బలపం పొడి అలాగే ఉంది. తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచాను.