స్కోప్ మీద కనిపించే ప్రతి గీతా బీమ్‌ది కాదు

లోహాన్ని వెల్డ్ చేసే ఎలక్ట్రాన్ బీమ్‌లో కరెంట్ ఎంత అని అడిగితే చాలామంది హై వోల్టేజ్ సప్లై మీటర్ చూసి చెప్పేస్తారు. వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వచ్చే ఫిలమెంట్ గన్ దగ్గర అది ఎంతో కొంత నడుస్తుందేమో, ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన గ్యాస్) నుంచి వాటిని లాగే ప్లాస్మా కాథోడ్ దగ్గర మాత్రం ఆ అంకెను నేను నమ్మను. ప్లాస్మాలోంచి బయటికి లాగిన ఎలక్ట్రాన్లలో కొన్ని యానోడ్ రంధ్రం అంచుకే తగిలి ఆగిపోతాయి, పైగా అక్కడున్న గ్యాస్‌లో పుట్టిన అయాన్లు వెనక్కి కాథోడ్ వైపు పరిగెడతాయి, మీటర్ వాటన్నిటినీ కలిపి ఒకే కరెంట్‌గా చూపిస్తుంది.

అసలు తేడా ఎక్కడుందంటే, వేడెక్కిన టంగ్‌స్టన్ ఫిలమెంట్‌కి ఉపరితలం అంటూ ఒకటి ఉంటుంది, అది కదలదు. ప్లాస్మాకి అలాంటిది లేదు. ఎలక్ట్రాన్లు బయటపడే హద్దు గ్యాస్ ప్రెషర్, డిశ్చార్జ్ పవర్ (గ్యాస్‌ని ప్లాస్మాగా నిలబెట్టే పవర్), లాగే వోల్టేజ్ ఈ మూడింటి మధ్య బేరం కుదిరిన చోట ఏర్పడుతుంది, వాటిలో ఏది మారినా ఆ హద్దు వంపు మారిపోతుంది, దానితో ఫోకస్ కూడా. ఫిలమెంట్ కాలిపోయే బాధ తప్పినందుకు కట్టే కప్పం ఇదన్నమాట.

ముందు మొత్తం కరెంట్ సంగతి. బీమ్‌ని పట్టి దాని కరెంట్ కొలిచే ఫారడే కప్ అంటే లోతైన లోహపు గిన్నె, ఒక రెసిస్టర్, అంతే కదా అనిపిస్తుంది. కానీ అడుగున రాగి పెడితే పడిన ఎలక్ట్రాన్లలో దాదాపు మూడో వంతు వెనక్కి ఎగిరొస్తాయి, టంగ్‌స్టన్ అయితే సగం దాకా, గ్రాఫైట్ అయితే నూటికి ఆరేడు మాత్రమే. అందుకే అడుగున గ్రాఫైట్, పైన ఇరుకు మూతి. అనుమానం తీరకపోతే కప్‌ని నీళ్లతో చల్లబరుస్తూ వేడి కూడా కొలవచ్చు: నిమిషానికి లీటరు నీరు పారుతుంటే 1 కిలోవాట్‌కి సుమారు 14 డిగ్రీలు పెరగాలి. నిదానమైన పద్ధతే, కానీ నాకు ఇష్టం, ప్లాస్మా గోల దీనికి పట్టదు.

బీమ్ వెడల్పు దగ్గరే అసలు తలనొప్పి. దాన్ని కొలవాలంటే సన్నటి స్లిట్ (చీలిక) ఉన్న టంగ్‌స్టన్ పలక మీదుగా బీమ్‌ని నడిపి, చీలికలోంచి కిందికి దిగిన కరెంట్ చూడాలి. ఉదాహరణకి, 60 కిలోవోల్ట్లు, 30 మిల్లీఆంపియర్లు, అంటే 1.8 కిలోవాట్లు. అది అర మిల్లీమీటర్ చుక్క మీద పడితే చదరపు మిల్లీమీటరుకి సుమారు 9 కిలోవాట్లు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు నిజమే, అయినా ఇంత పవర్ ఒకే చోట నిలిస్తే స్లిట్ అంచు పోయినట్టే. దీపం మంటలోంచి వేలు చటుక్కున అటునుంచి ఇటు తీసేస్తే కాలనట్టు, బీమ్‌ని స్లిట్ మీదుగా వేగంగా తోసెయ్యాలి. సెకనుకి 500 మీటర్ల వేగంతో తోస్తే ఆ అర మిల్లీమీటర్ ఒక మైక్రోసెకన్‌లో దాటిపోతుంది. స్లిట్ కింద దొరికేది కొన్ని మిల్లీఆంపియర్లే, 50 ఓమ్‌ల రెసిస్టర్ మీద అది స్కోప్‌కి (ఆసిలోస్కోప్) చక్కగా కనిపిస్తుంది.

ఇక్కడే ప్లాస్మా కాథోడ్ మోసం చేస్తుంది. స్కాన్ చేయడమంటే సమయాన్ని దూరంగా మార్చి చూడటం. డిశ్చార్జ్‌ని 13.56 మెగాహెర్ట్జ్ ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పవర్‌తో నడుపుతుంటే, దాని ఊపు బీమ్ కరెంట్‌లోకి దిగితే, ఆ ఒక్క మైక్రోసెకన్‌లో పదమూడు పైచిలుకు గీతలు ప్రొఫైల్ (స్కోప్ గీసిన బీమ్ ఆకారం) మీద కూర్చుంటాయి, చూసినవాళ్లు బీమ్ చీలికలు చీలికలుగా ఉందనుకుంటారు. తేల్చుకోవడం తేలికే. స్కాన్ వేగం సగం చెయ్యండి. మిల్లీమీటర్లలో గీసినప్పుడు గీతల మధ్య దూరం కూడా సగమైతే అది సమయంలో ఊగుతున్న కరెంట్, దూరం మారకపోతే బీమ్ ఆకారమే అలా ఉంది.

స్కోప్‌లో చాలా స్కాన్ల సగటు చూపే యావరేజ్ నొక్కితే గీతలు పోతాయిగా అంటారు. పోతాయి, కానీ బీమ్ ఒక్కో స్కాన్‌కి కాస్త పక్కకి జరుగుతుంటే యావరేజ్‌లో వెడల్పుగా, నున్నగా ఒక గుట్ట కనిపిస్తుంది, ఏ క్షణంలోనూ లేని బీమ్ అది. మెగాహెర్ట్జ్ ఊపుని కరిగిన లోహం ఎలాగూ పట్టించుకోదు, మిల్లీసెకన్లలో జరిగే కదలికే వెల్డ్‌లో తేలుతుంది. అందుకని విడివిడి స్కాన్లన్నీ దాచుకుని, ఒక్కోదాని మధ్య బిందువు, వెడల్పు వేరువేరుగా గీసి చూడటమే నయం, డిస్క్ నిండిపోతే నిండిపోనీ.

వెడల్పు రాసేటప్పుడు ఏ వెడల్పో కూడా రాయాలి. సగం ఎత్తు దగ్గర 0.3 మిల్లీమీటర్లున్న గాసియన్ (గంట ఆకారపు) బీమే, 13.5 శాతం ఎత్తు దగ్గర కొలిస్తే 0.51 అవుతుంది. పక్కన గ్యాస్ ప్రెషర్, డిశ్చార్జ్ పవర్ లేకపోతే, ప్లాస్మా కాథోడ్ విషయంలో ఆ అంకె పట్టుకుని రెండోసారి అదే బీమ్ తెప్పించడం ఎవరివల్లా కాదు.