పదకొండింటి ఆకలి: నా స్లీవ్ సర్జరీ అనుభవం

ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు పదకొండింటికి ఆకలి. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని స్కూలుకి వెళ్లినా సరే, మూడో పీరియడ్ అయ్యేసరికి కడుపులో మంట మొదలై, పిల్లలు ఏం అడుగుతున్నారో కూడా బుర్రకెక్కేది కాదు. స్టాఫ్‌రూమ్‌లో బాక్స్ తీస్తే "అప్పుడేనా మేడమ్" అనేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ మాట పడ్డాను. నోరు కట్టుకోలేనిదాన్నని నేనే నమ్మేశాను.

బరువు తగ్గడానికి చేయించుకున్న ఈ సర్జరీకి రెండేళ్ల ముందు ఒక డైట్ సెంటర్‌లో చేరి, అన్నం మానేసి, 14 కేజీలు తగ్గాను. ఏడాది తిరిగేసరికి 17 పెరిగాను. "మీకు పట్టుదల లేదండి" అన్నారు అక్కడ. 112 కేజీలు, షుగరు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేయడం, ఆ స్థితిలో హైదరాబాద్‌లో ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ముందు కాగితం మీద జీర్ణాశయం బొమ్మ గీశారు. పైన ఎడమవైపు ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని, ఫండస్ అంటారట, పెన్నుతో గళ్లు కొట్టి, "మీ పదకొండింటి ఆకలి ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తోందమ్మా" అన్నారు. అక్కడ తయారయ్యే హార్మోన్ పేరు ఘ్రెలిన్. దాన్ని 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మనకి అలవాటైన భోజనం వేళకి ముందు అది రక్తంలో పెరిగి మెదడుకి ఆకలి కబురు మోస్తుంది, తిన్నాక తగ్గుతుంది. బరువు తగ్గినవాళ్లలో మాత్రం ఒంటికి కరువొచ్చినట్టు అనిపించి, ఇది ఇంకా ఎక్కువగా తయారవుతుందట. మెల్‌బోర్న్‌లో 50 మందికి పది వారాలు కఠినమైన డైట్ పెట్టి చూశారు, ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. డైట్ అయిపోయి ఏడాదైనా వాళ్ల ఆకలి హార్మోన్లు మునుపటి స్థితికి రాలేదు. నాకు అక్కడే, కుర్చీలోనే, ఏడుపొచ్చేసింది. తిరిగి పెరిగిన ఆ 17 కేజీల్లో నా ఒళ్లు నాతో చేసిన యుద్ధం ఎంతుందో ఒక్కరూ చెప్పలేదు అంతకుముందు.

స్లీవ్ అంటే జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు, ఆ ఫండస్‌తో సహా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా చేస్తారు. ముందు ఎండోస్కోపీ, స్కానింగ్, గుండె పరీక్షలు. ఆ తర్వాత రెండు వారాలు ద్రవాలే, జీర్ణాశయం మీదికి వచ్చి ఉండే కొవ్వు పట్టిన లివర్ కాస్త చిక్కడానికి. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కన్నా ఆ రెండు వారాలే కష్టం, ఎందుకంటే ఘ్రెలిన్ ఇంకా లోపలే ఉంది కదా. ఆపరేషన్ రోజు సాయంత్రానికే లేపి నడిపించారు.

ఇంటికొచ్చాక దగ్గు మందు సీసా మూత లాంటి చిన్న కప్పుతో మజ్జిగ తేట తాగడం. ముప్పై మిల్లీలీటర్లు, పావుగంట. గుక్క పెద్దదైతే ఛాతీ మధ్యలో ఎవరో నొక్కినట్టుండేది. నాలుగో రోజు అమ్మ వంటింట్లో పులిహోరకి పోపు పెట్టింది. ఇంగువ, ఎండుమిర్చి వాసన ఇల్లంతా కమ్ముకుంది, నేను మంచం మీద కూర్చుని ఆ వాసన బాగుందనుకుంటూ గోడ గడియారం వైపు చూశాను. పన్నెండూ నలభై. పదకొండు ఎప్పుడు దాటిందో తెలియలేదు. "ఏమైందే, నొప్పా?" అని అమ్మ కంగారుపడింది. "ఆకలెయ్యలేదమ్మా" అన్నాను, అంతే, ఇంక మాట రాలేదు.

మెత్తటి తిండికి వచ్చాక ఒక తప్పు చేశాను. స్కూలుకి టైమవుతోందని ఉప్మా గబగబా నాలుగు చెంచాలు మింగితే, నోటినిండా నురుగు లాలాజలం ఊరి మొత్తం కక్కేశాను. తర్వాత డైటీషియన్ చెప్పింది: తిండి ఇప్పుడు పేగుల్లోకి తొందరగా దిగుతుంది, చిన్నపేగు చివర్లో జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలై "చాలు" అని మెదడుకి చెబుతాయి, ఆ కబురు చేరేంత సమయం మీరివ్వాలి అని. బరువు తగ్గడానికని ఇప్పుడు అందరి నోటా వింటున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కూడా ఈ జీఎల్‌పీ-1ని అనుకరించేదే. అప్పటి నుంచి ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెడుతున్నాను.

ఇబ్బందులు లేవని చెప్పను. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. బీ12, ఐరన్, కాల్షియం మానకూడదు, రక్తపరీక్షలు తప్పవు. పెళ్లిళ్లలో బొబ్బట్టు చూస్తే మనసు లాగుతుంది, అది ఘ్రెలిన్ తగ్గినంత మాత్రాన పోయేది కాదు. నోటి కోరిక వేరు, కడుపాకలి వేరు అని నలభై రెండేళ్లకి విడివిడిగా తెలిసింది. చేసుకోవాలా వద్దా అనేది మీ డాక్టర్‌తో తేల్చుకోండి, నేను చూసి చెప్పగలిగింది నా ఒంటి సంగతే.

పద్నాలుగో నెలలో, 76 కేజీల దగ్గర, ఒకరోజు పదకొండింటికి మళ్లీ కడుపులో కదిలింది. గుండె ఝల్లుమంది. స్టాఫ్‌రూమ్ బయటికొచ్చి డైటీషియన్‌కి ఫోన్ చేస్తే, "ఘ్రెలిన్ మిగతా చోట్ల కూడా కొంచెం తయారవుతుందండీ, ఏడాది దాటాక చాలామందికి ఆకలి కాస్త తిరిగొస్తుంది, తినండి" అంది. లోపలికెళ్లి బాక్స్ తీశాను. ఉడికించిన గుడ్డు, గుప్పెడు శనగలు. సగం శనగలు తినేసరికి చాలనిపించింది. మూత పెట్టి నాలుగో పీరియడ్‌కి వెళ్లాను.