అవ్వ పేరు మాదేనని తేల్చుకోవడానికి పట్టిన రెండున్నరేళ్ళు

2022లో కార్తీక పౌర్ణమి దాటి నాలుగు రోజులైంది. మా వీధి చివర ఉండే పెద్దమ్మ ఒకావిడ ఖాళీ నూనె పాకెట్ పట్టుకుని కొట్టుకు వచ్చింది. "ఏం నాయనా, ఇన్నేండ్లుగా మీ దగ్గరే కొంటా ఉండా. ఈసారి దీపం పెడితే ఇల్లంతా పొగ. నూనెలో ఏం కలిపినారు?" అని అడిగింది. పాకెట్ చూస్తే మా అవ్వ పేరే ఉంది. అదే పసుపు రంగు, అవే ఎర్రటి అక్షరాలు. కానీ మా లేబుల్ మీద గానుగ బొమ్మ ఉంటుంది, ఆమె తెచ్చినదాని మీద దీపం బొమ్మ ఉంది. అది మా పాకెట్ కాదు. ఆమెకు ఆ మాట చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

మాది చెన్నై అయనావరంలో చిన్న గానుగ నూనె కొట్టు. తాత పుత్తూరు దగ్గర ఎద్దుగానుగ తిప్పేవాడు. ఈ ఊరు ఇంకా మద్రాసుగా ఉన్నప్పుడే, 1994లో, నాయన వచ్చి కొట్టు పెట్టి దానికి వాళ్ళమ్మ పేరు పెట్టాడు. అవ్వ పేరు, దాని పక్కన 'గానుగ' అనే మాట. నువ్వులు ఆడేటప్పుడు తాటిబెల్లం ఎంత వెయ్యాలో ఆమె చెప్పిన లెక్కే ఇప్పటికీ మాది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ప్రచారం చేసుకున్నట్టు ఉంటుంది.

ఆ పాకెట్ ఎవరిదో వెనక అచ్చేసిన అడ్రస్ చూడగానే తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి మా నూనె తీసుకెళ్ళి తిరువళ్ళూరు వైపు షాపులకు వేసిన మనిషి. లాయరు చేత నోటీసు పంపిస్తే వారంలో జవాబు వచ్చింది. ఆ పేరుకు తాను ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టానని, నంబరు ఇదని, మీకు రిజిస్ట్రేషన్ ఎక్కడుందని అడిగాడు. మాకు నిజంగానే లేదు. "మా అమ్మ పేరు మేం పెట్టుకునేదానికి గవర్నమెంటుకు దుడ్డు కట్టాలా?" అని నాయన ఎన్నోసార్లు అన్నాడు, నేనూ పట్టుబట్టలేదు. ఆ తప్పు నాది కూడా.

ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఉచ్చారణలో దగ్గరగా ఉన్న పేర్లు కూడా అందులో దొరుకుతాయి. అతని దరఖాస్తు కనిపించింది. వాడకం ఎప్పటి నుంచి అనే చోట 'ఇకముందు వాడబోయేది' అని ఉంది. స్టేటస్ 'ఆక్సెప్టెడ్ అండ్ అడ్వర్టైజ్డ్'. దాని అర్థం తెలియక చెన్నైలోనే ప్యారీస్ అనే పేటలో ఆఫీసున్న ఒక లాయరమ్మ దగ్గరకు పరుగెత్తాను. నెల్లూరు వైపు మనిషి, తెలుగులోనే విడమరిచి చెప్పింది. రిజిస్ట్రీ, అంటే ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు, ఒప్పుకున్న మార్కులను ప్రతి సోమవారం వచ్చే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రకటిస్తారు. అప్పటినుంచి 4 నెలల లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. ఆ గడువు పొడిగించరు. అతని మార్కు ఆగస్టులో ప్రకటించారు. లెక్క వేస్తే మాకు మిగిలింది 18 రోజులు.

ఆ 18 రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆమె మొదటి రోజే ఒక మాట అంది: "మన దేశంలో ముందు దరఖాస్తు పెట్టినవాడికంటే ముందునుంచి వాడుతున్నవాడికే బలం ఎక్కువ. కానీ వాడుతున్నామని నోటితో చెబితే చాలదు, కాగితం చూపించాలి." 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టంలో రిజిస్ట్రేషన్ లేని పేరునైనా ఇంకొకరు తమ సరుకుకు తగిలించి అమ్మితే దావా వేసే హక్కు ఉంది, దాన్ని పాసింగ్ ఆఫ్ అంటారు. ఆ దావాకైనా ఈ అభ్యంతరానికైనా రుజువు చూపించాల్సింది మనమే.

దాంతో కాగితాల వేట మొదలైంది. కొట్టు బిల్లులు చాలావరకు 2015 డిసెంబరు వరదలో తడిసి ముద్దయిపోయాయి. అటక మీద పెట్టిన రేకు పెట్టె మాత్రం మిగిలింది. అందులో పాత సేల్స్ ట్యాక్స్ రోజుల బిల్లులు, 2007 తర్వాతి వ్యాట్ బిల్లులు ఉన్నాయి. జీఎస్టీ వచ్చాకవి కంప్యూటర్‌లో దొరికాయి. లేబుళ్ళు అచ్చేసిన ప్రెస్ రసీదులు రెండు దొరికాయి. అన్నిటికంటే పాతవి నాయన చేత్తో రాసిన చిట్టా పుస్తకాలు. 1994 నుంచి పేజీ పైన అవ్వ పేరు, కింద లెక్కలు, అంతా తెలుగే. రిజిస్ట్రీలో ఇంగ్లిషు, హిందీ కాగితాలే నడుస్తాయి, వేరే భాషలో ఉంటే అనువాదం జతచేయాలి. నాయన చదువుతుంటే నేను రాసుకున్నాను. 'సుబ్బులక్క, అర వీశె, బాకీ' లాంటివి ఇంగ్లిషులోకి ఎలా మార్చాలో తెలియక రాత్రి రెండింటిదాకా కూర్చున్న రోజులున్నాయి. ఒక పేజీ దగ్గర నాయన ఆగిపోయాడు. అది అవ్వ పోయిన వారం లెక్క. ఆ పేజీ కూడా ఫైల్లో పెట్టాం.

గడువుకు 5 రోజుల ముందు ఆన్‌లైన్‌లో టీఎం-ఓ ఫారంతో అభ్యంతరం వేశాం. ఒక్కో క్లాసుకు, అంటే సరుకు రకానికి, 2,700 రూపాయలు, అతను రెండు క్లాసుల్లో పెట్టాడు కాబట్టి 5,400. అదే వారం టీఎం-ఏ ఫారంతో మా సొంత దరఖాస్తు. వ్యక్తుల పేరు మీద అయితే ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500, కంపెనీలకు మామూలుగా 9,000. నాయన పేరు మీదే వేశాం. 1994 నుంచి వాడుతున్నామని నోటరీ అఫిడవిట్, దాని వెనక బిల్లులు, చిట్టాలు. లాయరు ఫీజు వేరే.

క్లాసుల సంగతి నూనె వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. మొత్తం 45 క్లాసులు. వంటకు వాడే నూనె 29లో వస్తుంది. అదే నువ్వుల నూనెను దీపానికని అమ్మితే 4లో, తలకని అమ్మితే 3లో. గానుగ ఒకటే, డబ్బా మీద రాసేదాన్ని బట్టి క్లాసు మారుతుంది. మేం 29, 4 తీసుకున్నాం. తల నూనె ఎప్పుడైనా చేయొచ్చు కదా, 3 కూడా వేద్దామా అని నేనడిగితే లాయరమ్మ వద్దంది. రిజిస్టరయ్యాక ఐదేళ్ళకు పైగా వాడకుండా ఊరికే ఉంచితే ఎవరైనా తీసేయించవచ్చట.

కొన్ని నెలలకు మా దరఖాస్తును రిజిస్ట్రీ పరిశీలించి రాసిన ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. రెండు అభ్యంతరాలు. ఒకటి సెక్షన్ 11, ముందే ఇలాంటి మార్కు ఉందని. ఆ ముందున్నది అతనిదే! రెండోది సెక్షన్ 9. మార్కులో హిందీ, ఇంగ్లిషు కాని లిపి ఉంటే అది ఎలా పలుకుతుందో, అర్థమేమిటో దరఖాస్తులో రాయాలి. 'గానుగ' అంటే నూనె ఆడే యంత్రమని మేమే రాశాం. సరుకు గురించి చెప్పే మాట ఒకరికి సొంతం కాదని రిపోర్టులో ఉంది. రిపోర్ట్ అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ తేదీ దాటితే దరఖాస్తు పోయే ప్రమాదముంది, అందుకే దరఖాస్తు వేశాక స్టేటస్, ఈమెయిలు రెండూ వారానికోసారి నేనే చూసేవాణ్ణి. లాయరు చూస్తారులే అని వదిలేయకండి.

మొదట నాకు కోపం వచ్చింది. తాత తిప్పిన గానుగ, నాయన ఆడించిన గానుగ, మాది కాదంటే ఎలా అనుకున్నాను. ఆలోచిస్తే వాళ్ళన్నదే న్యాయం. పుత్తూరులో, అంబత్తూరులో, ఎక్కడ గానుగ ఉంటే అక్కడ ఆ మాట రాసుకునే హక్కు ఉండాలి. మార్కు మొత్తంగా మాకివ్వండి, 'గానుగ' అనే ఒక్క మాట మీద విడిగా హక్కు అడగం అని జవాబులో రాశాం.

అతని వైపు నుంచి ఏం వస్తుందా అని టెన్షన్ పడ్డాం. అభ్యంతరం కాపీ అందిన 2 నెలల్లో అతను కౌంటర్ స్టేట్‌మెంట్, అంటే దానికి జవాబు, వేయాలి. వేయలేదు. వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క, చట్టం అలాగే చెబుతుంది. ఆ ఆర్డరు రావడంతో మా మీదున్న సెక్షన్ 11 అభ్యంతరానికి ఆధారం పోయింది.

2024లో హియరింగ్ పెట్టారు. చెన్నై రిజిస్ట్రీ గిండీలో గ్రాండ్ సదర్న్ ట్రంక్ రోడ్డు మీద ఉంది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు కూడా అక్కడికే వస్తాయి, తిరుపతి లడ్డూ లాంటి వాటికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఇచ్చే రిజిస్ట్రీ కూడా అక్కడే. మా హియరింగ్ మాత్రం వీడియోలోనే జరిగింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. అధికారి చిట్టా పేజీల అనువాదం తెరిచి రెండు ప్రశ్నలు అడిగారు. తర్వాత ఆక్సెప్ట్ అయింది, జర్నల్‌లో వచ్చింది, 4 నెలలు ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. 2025లో సర్టిఫికెట్ వచ్చింది. హక్కు దరఖాస్తు వేసిన రోజు నుంచే, అంటే 2022 డిసెంబరు నుంచి లెక్క. 10 ఏళ్ళకు రెన్యూ చేసుకోవాలి. సర్టిఫికెట్ వచ్చేదాకా లేబుల్ మీద 'టీఎం' అని వేసుకున్నాం, వచ్చాకే గుండ్రటి గీతలో ఆర్ గుర్తు వేయించాం. ముందే వేసుకోవడం నేరం.

సర్టిఫికెట్ కాపీలు పట్టుకుని రెడ్‌హిల్స్ వైపు మూడు షాపులకు నేనే వెళ్ళాను. ఇద్దరు ఆ పాకెట్లు వెంటనే తీసేశారు. మూడో ఆయన దగ్గర పదకొండు మిగిలాయి, "డబ్బు పెట్టి కొన్నాను, నష్టపోతాను" అన్నాడు. ఆయన తప్పేముంది? నా డబ్బుతో కొని తెచ్చేశాను. నాయన వాటిని కొట్టులో దీపానికి కూడా వాడనివ్వలేదు.