ఇరవై దాటాలి

విరేచనాలు తగ్గి మళ్లీ ట్రాక్ ఎక్కానో లేదో, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. హనుమకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో వార్మప్ చేస్తుంటే రెండు మోకాళ్లూ ఒకేసారి మడతపడ్డాయి. మొదట చూసిన డాక్టర్ బలం మాత్రలు రాసి పంపాడు. మర్నాటికి మెట్టెక్కలేను. హైదరాబాద్‌లో నడుములోంచి నీరు తీసి, నరాల పరీక్ష చేసి జబ్బు పేరు చెప్పారు: గులియన్ బారే సిండ్రోమ్. 2025లో పుణెలో కేసులు పెరిగినప్పుడు టీవీల్లో మోగిన పేరే. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల మీద పడుతుంది. ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఎక్కించారు. ఆ ఖరీదుకు అమ్మ గొలుసు బ్యాంకుకు వెళ్లింది.

నా భయమంతా ఒక్క రాత్రిది. నీరసం కాళ్ల నుంచి పైకి పాకుతోంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే ఇక వెంటిలేటరే. ఐసీయూలో సిస్టర్ మాటిమాటికీ వచ్చి, "ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమ్మా, ఇరవై దాటాలి" అనేది. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే ఊపిరి నాది! సాయంత్రం ముప్ఫై దాటాను. అర్ధరాత్రికి ఇరవై మూడు. తెల్లారగట్ల పంతొమ్మిది దగ్గర గొంతు ఆగిపోయింది. గొట్టాలున్న ట్రే తెచ్చి, నాకు కనపడకుండా ఆకుపచ్చ గుడ్డ కప్పింది. కనపడనే కనపడింది. "ఏం కాదు బిడ్డా, ఇద్దరం కలిసి అందాం" అని నాతోపాటు తనూ లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఆ ట్రే వాడే పని పడలేదు.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ ఫైల్లోంచి తలెత్తకుండానే, "రన్నరా? ఇక నడిస్తే చాలనుకో" అన్నాడు. ప్రాణం నిలబెట్టింది ఆయనే, దండం పెడతాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

అటు చుట్టాలేమో "కసి ఉండాలి" అంటూ వాట్సాప్‌లో వీడియోల మీద వీడియోలు. కసితో బొటనవేలు కదలదండీ, నరం కోలుకోవాలి. ఫిజియో అన్న ఒక్కడే, "పతకం సంగతి నాకొద్దు, శుక్రవారానికి ఆసరా లేకుండా మంచం అంచున కూర్చో" అన్నాడు. అలసట కనపడితే అక్కడితో ఆపించేవాడు. ఈ జబ్బులో కండరాన్ని అలిసేదాకా లాగితే నీరసం ఇంకా పెరుగుతుంది. ట్రాక్ మీద మాకు నూరిపోసిందేమో సరిగ్గా దీనికి తలకిందులు. లివర్‌పూల్ క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడిన మార్కస్ బాబెల్ 2001లో ఇదే జబ్బుతో పడిపోయి, మళ్లీ మైదానంలోకి వచ్చాడని చెప్పిందీ ఆ అన్నే. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇప్పుడు జాగింగ్ చేస్తున్నాను. కోచ్ గారు టార్గెట్ రాయమంటే మొదటి ల్యాప్ టైమింగ్ రాసిచ్చాను. "పతకం రాయవేం?" అని కోప్పడ్డారు. పతకం నా పక్క లేన్లలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ల్యాప్ నా కాళ్లది.

రెండు కాళ్లూ ఒకేసారి బలం తప్పుతుంటే మాత్రం నూనె మర్దనలంటూ ఇంట్లో కూర్చోకండి, నరాల డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

అమ్మ నా పేరున సమ్మక్కకు ఎత్తు బంగారం మొక్కుకుంది. తగ్గిన కిలోలన్నీ తిరిగొచ్చేశాయి. నాన్న అప్పుడే బెల్లం రేటు కనుక్కుంటున్నాడు.