బోటు అడుగుకి పూసే ఎరుపు, కొట్లో దొరికే రెడ్ ఆక్సైడ్ ఒకటి కావు

హార్డ్‌వేర్ కొట్లో రెడ్ ఆక్సైడ్ అడిగితే ఇచ్చేది ఇనుప ఆక్సైడ్ ప్రైమర్. గేట్లకీ, కిటికీ ఊచలకీ మంచిదే. బోటు అడుగుకి పూస్తే మాత్రం నాచూ ఆగదు, గుల్లలూ ఆగవు. అక్కడ పనిచేసేది క్యుప్రస్ ఆక్సైడ్, అంటే రాగి ఎర్ర ఆక్సైడ్. బరువులో దాదాపు 89 శాతం రాగే. నల్లగా ఉండే క్యుప్రిక్ ఆక్సైడ్ వేరే సరుకు. మైలుతుత్తం తయారీకీ, పింగాణీ మీద రంగు పూతలకీ వాడతారు.

పొడి రూపంలో ఉంటే తేడా ఇట్టే పట్టొచ్చు. గాజు గ్లాసులో చిటికెడు పొడి వేసి, పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్ నాలుగు చుక్కలు పోయండి. నీలం తిరిగి, అడుగున రాగి పొడి మిగిలితే క్యుప్రస్ ఆక్సైడే. ఇనుపదైతే నీలం రాదు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. పెయింట్‌గా కలిపేశాక ఈ పరీక్ష నమ్మకం కాదు, డబ్బా మీద పేరు చదవాల్సిందే.

ఇది మంచినీళ్లలో దాదాపు కరగదు. సముద్రపు నీటిలో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా కరిగి రాగి అయాన్లు వదులుతుంది. గుల్లల పిల్లలు అంటుకోకుండా ఆపేది అవే. అంటే బోటు నీళ్లలో ఉన్నంతసేపే దాని పని. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల్లో వేట అయ్యాక ఇసుక మీదికి లాగేసే ఫైబర్ తెప్పలకి ఈ పెయింట్ డబ్బు దండగ, ఇసుక రాపిడికే సగం పోతుంది. నెలల తరబడి హార్బర్ నీళ్లలోనే ఉండే మరబోట్ల సంగతి వేరు. మనవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి ఎక్కేవి అలాంటివే.

పాత పూత ఊడుతుంటే తడిపి మాత్రమే గీకండి; పొడిగా గీకితే రాగి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రెండు పూతలు. నీటి గీత దగ్గరా, చుక్కాని అంచులకీ మరొకటి, ఎందుకంటే ముందు అరిగేది అక్కడే. ఎక్కువమంది తప్పు చేసేది కలపడంలో. ఈ ఆక్సైడ్ నీటికంటే ఆరు రెట్లు బరువు, డబ్బా అడుగున గట్టిగా పేరుకుంటుంది. కర్రతో అడుగు దాకా తిప్పకపోతే పైన తేలిన జిగురే పూసినట్టు. అల్యూమినియం భాగాలకి అసలు పూయొద్దు, రాగి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

గీకిన పెచ్చులు గోనె పరిచి పట్టండి. ఉప్పుటేరులోనో రొయ్యల చెరువు గట్టునో పారబోయొద్దు, గుల్లల్ని చంపే రాగే రొయ్యల్నీ చంపుతుంది.