చెరోకీకి కొత్త కమాన్లు

శనివారం, మే నెల

నా పాత జీపుకు వెనక కమాన్లు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, మార్చాలని వారమంతా ఆఫీసు నుంచి రాగానే బండి కిందికి దూరి, వాటి బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొడుతూ వచ్చాను. మిషిగన్‌లో పాతికేళ్లు తిరిగిన బండికి ఇది తప్పదు. డెట్రాయిట్ నగరం కింద సుమారు 1100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. చలికాలం మంచు కరగడానికి ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. కార్లకు పేరుపడ్డ ఊరు ఉప్పు మీద నిలబడి ఉండటం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

నాది 1999 జీప్ చెరోకీ. ఎక్స్‌జే అంటారు దీన్ని. ఇక్కడికి గంట దూరంలో ఉన్న టొలీడోలోనే తయారైంది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. ఎప్పుడో ఎవరో బండి ఎత్తు పెంచాలని వెనక యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ) కమాన్ కట్టకీ మధ్య 2 అంగుళాల ఇనుప బ్లాకులు పెట్టించారు. నా చేతికి అలాగే వచ్చింది. చూడటానికి ఎత్తుగా, ఠీవిగా ఉండేది. కానీ ఆ ఎత్తులో కమాన్ల పాత్ర ఏమీ లేదు. బ్లాకు బండిని లేపుతుందే తప్ప కమానుకు పిసరంత బలం ఇవ్వదు. పైగా కమాను ఎంత అలసిపోయిందో కంటికి కనపడనివ్వదు.

అసలు బాధ ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో మొదటి గేరు 2.80, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి, అంటే నెమ్మదిగా బలంగా లాగే గేరు, 2.72, యాక్సిల్ లోపలి గేరు 3.55. మూడూ గుణిస్తే ఇంజను మెలి బలం చక్రాల దగ్గరికి వచ్చేసరికి 27 రెట్లు అవుతుంది. చక్రం ముందుకు తిరగబోతే యాక్సిల్ వెనక్కి తిరగబోతుంది. దాని ముక్కు, అంటే ఇంజను శక్తి తెచ్చే షాఫ్టు వచ్చి కలిసే చోటు, పైకి లేస్తుంది. ఆ తిరుగుడును ఆపే భారమంతా కమాను పట్టీలదే. టైరు నేలను తోసే చోటుకీ కమానుకీ మధ్య దూరం పెరిగిన కొద్దీ కమానును మెలిపెట్టే బలమూ పెరుగుతుంది. బ్లాకు చేసేది సరిగ్గా అదే. అలసిన పట్టీ ఆ మెలికకు ఎస్ అక్షరంలా వంగుతుంది, ఠక్కున విడుచుకుంటుంది, మళ్లీ వంగుతుంది. హాలీ ఓక్స్‌లో, పాత ఇసుక క్వారీల్లో బళ్ల కోసం పెట్టిన పార్కులో, ఇసుక గట్టు ఎక్కుతుంటే వెనక చక్రాలు దబదబా ఎగరడం, ఆ ప్రొపెల్లర్ షాఫ్టు చివర్ల క్రాసులు (మడిగే కీళ్లు) టకటకమనడం అందువల్లే. ఆ శబ్దం వింటే నాకు కడుపులో తిప్పేది.

పొద్దున్నే మొదలుపెట్టాను. పక్క వీధిలో ఉండే ఖమ్మం తమ్ముడు గ్రైండరు పట్టుకొచ్చాడు. బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, చక్రాలు తీశాం. కమానును యాక్సిల్‌కు కట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులను విప్పే ప్రయత్నమే చేయలేదు, కోసేశాం. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ వాడకూడదు. ఇంజను తోపుకీ బ్రేకుల తోపుకీ యాక్సిల్ కదలకుండా కమానుకు అదిమి పట్టేవి ఆ నాలుగు కడ్డీలే. కొత్తవి కొనడానికి వెనకాడే మనిషి కమాన్ల పని జోలికి రాకూడదని నా అభిప్రాయం.

రోజంతా తినేసింది మాత్రం కంటి బోల్టులు, అంటే కమాను చివర చుట్టిన కన్నులోంచి దూరి దాన్ని బాడీకి పట్టి ఉంచేవి. ముందు కన్ను బోల్టు బాడీ లోపల వెల్డు చేసిన నట్టులోకి వెళ్తుంది. కన్నులో దూర్చిన రబ్బరు బుష్షు మధ్య ఉండే ఇనుప గొట్టానికీ బోల్టుకీ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోయాయి. కుడివైపుది వేడి చేస్తే, రబ్బరు కాలిన కంపుతో పాటు, చివరికి వదిలింది. ఎడమవైపు లోపలి నట్టు వెల్డు ఊడి బోల్టుతో పాటే తిరగసాగింది. పక్కన రేకుకు చిన్న రంధ్రం కోసి, నట్టును స్పానరుతో పట్టుకుంటే గానీ రాలేదు. "అన్నా, దీన్ని మళ్లీ మూస్తావా?" అన్నాడు తమ్ముడు. మూయాలి, వెల్డు చేసి రంగు వేయాలి. లేకపోతే వచ్చే చలికాలం ఉప్పునీళ్లు తిన్నగా లోపలికే పోతాయి.

పాత కట్టను కొత్త కట్ట పక్కన నేల మీద పెట్టి చూశాం. పాతది గీత గీసినట్టు బల్లపరుపుగా ఉంది. కొత్తదానికి చక్కటి వంపు. బ్లాకు లేకుండానే ఎత్తు ఇచ్చేది ఆ వంపే. పట్టీ మందం రెండింతలైతే గట్టితనం ఎనిమిదింతలవుతుంది. అందుకే ఒకే లావు పట్టీ కాకుండా పలచనివి కొన్ని వరసగా పేరుస్తారు. కట్ట మెత్తగా వంగుతుంది, బరువూ మోస్తుంది. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ ఊపును కొంత తామే అణుస్తాయి కూడా.

మధ్యాహ్నం నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా మేలుకునే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ల పని మీదే మమ్మల్ని పెంచిన మనిషి.

"ఏరా, రెండో పట్టీ కంటిని చుట్టుకుందా లేదా? దగ్గరగా చూపించు."

చూపించాను. చుట్టుకునే ఉంది. మెయిన్ పట్టీ కన్ను దగ్గర విరిగితే యాక్సిల్ వెనక్కి జారిపోకుండా పట్టుకునేది ఆ రెండో పట్టీయే.

"ఆఁ, బాగుంది. బరువు మీదకి దించకుండా కంటి బోల్టులు బిగించకు. లారీకైతే పిన్నూ, గ్రీజూ, ఎలా బిగించినా తిరుగుతుంది. నీది రబ్బరు, గుర్తుపెట్టుకో."

అదే అసలు కిటుకు. రబ్బరు బుష్షు తిరగదు, మెలితిరుగుతుంది. చక్రాలు గాలిలో ఉండగా బిగిస్తే బండి దించగానే మెలిపడి, ఎప్పుడూ అదే మెలికలో ఉండి తొందరగా చీలిపోతుంది. అందుకే ముందు పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకుని, యూ బోల్టులు నాలుగింటినీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. చక్రాలు తొడిగి, బండి నేల మీదకి దించి, వెనక ఎక్కి నాలుగుసార్లు ఊపి, అప్పుడు కంటి బోల్టులు, కమాను వెనక చివరను వేలాడదీసే షాకిల్ బోల్టులు టార్క్ రెంచితో బిగించాం.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు కొలిచాను. ఈ షాఫ్టుకు రెండు చివర్లా ఒక్కొక్క క్రాసే కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసు బయటి ముఖం, యాక్సిల్ ముక్కు దగ్గరి పినియన్ ముఖం సమాంతరంగా ఉండాలి. రెండు డిగ్రీల తేడా కనిపించింది. వెనక యూ బోల్టులు మళ్లీ వదులు చేసి, కమానుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఉక్కు ముక్కలు పెట్టి సరిచేశాం. అల్యూమినియంవి చవకే, కానీ బరువుకు నలిగి జారిపోతాయి, ఆ జోలికి పోలేదు. బ్రేకు గొట్టం బిగుసుకోకుండా ఉందో లేదో కూడా చూశాను.

చీకటి పడేముందు ఫ్రీవే మీద తిప్పుకొచ్చాను. అరవై మైళ్ల వేగంలో వణుకు లేదు. మా వీధి చివర ఏటవాలు దగ్గర ఆగి, లో రేంజిలో ఒక్కసారి గట్టిగా తొక్కాను. వెనక కుదుపు లేదు, ముక్కు ఎగరడం లేదు, తోపంతా చక్రాల్లోకి పోయింది. బండి వెనక భాగం ఒక్క మనిషిలా నడుస్తోంది. నాకు నోట మాట రాలేదు, అంత సంతోషం.

కొత్త పట్టీలు సర్దుకునే దాకా యూ బోల్టులు కొంచెం సడలుతాయి. రెండు మూడు వందల మైళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి, హాలీ ఓక్స్ దాని తర్వాతే. పాత బ్లాకులు ఎవరికీ ఇవ్వను, ఇనుప సామాను వాడికి వేస్తాను. ఎడమవైపు రంధ్రం రేపు పొద్దున మూసేయాలి, వాన వచ్చేలా ఉందంటున్నారు.